పెద్దవాళ్లతో, పిల్లలతో యూరప్ బస్సు టూర్: 10 రాత్రులు, 9 దేశాలు. అడ్వాన్సు కట్టొచ్చా?

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో హైదరాబాద్ నుంచి బయల్దేరే ఒక గ్రూప్ టూర్‌కి అడ్వాన్సు కట్టాలనుకుంటున్నాం. ఆరుగురం: మేమిద్దరం, నాన్న (69), అమ్మ (64), పాప (9), బాబు (5). నాన్నకు షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, పొద్దున ఒక ఇన్సులిన్ డోసు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

కంపెనీవాళ్లు ఇచ్చిన ప్లాన్ ఇది. పారిస్ 2 రాత్రులు. బ్రస్సెల్స్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ 1. కొలోన్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర 1. జర్మనీలో టిటిజే సరస్సు, తర్వాత రైన్ జలపాతం చూస్తూ స్విట్జర్లాండ్‌లో ఎంగెల్‌బర్గ్ 2. లిక్టన్‌స్టైన్ మీదుగా ఇన్స్‌బ్రుక్ 1. వెనిస్ 1. ఫ్లోరెన్స్ 1. పీసా మీదుగా రోమ్ 1. ఆఖరి రోజు వాటికన్ చూసి సాయంత్రం విమానం. అంతా 45 మంది పట్టే కోచ్‌లోనే.

ఈ వేగం పెద్దవాళ్లు తట్టుకోగలరా? డబ్బు కట్టేముందు ఏమేం అడగాలి? పారిస్‌లో దిగుతాం కాబట్టి వీసా ఫ్రాన్స్‌కి వెయ్యాలని ఏజెంటు అంటున్నాడు, నిజమేనా? తిండి సంగతి కూడా చెప్పండి.

బాటసారి:

ఎన్ని దేశాలన్నది పక్కనపెట్టి, ఎన్ని హోటళ్లో లెక్కపెట్టండి. 10 రాత్రులకు 8 హోటళ్లు. అంటే దాదాపు రోజూ పొద్దున్నే లేచి, ఆరుగురి సామాను సర్ది, టిఫిన్‌కి వెళ్లేముందే సూట్‌కేసులు కిందికి దించాలి. పెద్దవాళ్లకు అలుపు తెప్పించేది ఇదే. బస్సులో కూర్చోవడం అంత కష్టం కాదు. 9 దేశాలన్న లెక్కలో లిక్టన్‌స్టైన్ అంటే వాడుజ్ ఊళ్లో ఓ గంట ఆగడం, వాటికన్ అంటే రోమ్‌లో ఒక పూట.

తర్వాత చూడాల్సింది డ్రైవర్ పనిగంటలు. అక్కడ టైంటేబుల్ అంతా దాని మీదే ఆధారపడుతుంది. యూరోపియన్ యూనియన్ 561/2006 నిబంధన ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. దాన్ని దారిలో ముక్కలుగా తీసుకోవచ్చు గానీ ఎగ్గొట్టడానికి లేదు. రోజుకి 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. రాత్రి విశ్రాంతి 11 గంటలు. వారపు సెలవు నుంచి మళ్లీ వారపు సెలవు దాకా మూడుసార్లు మాత్రం 9 గంటలకు తగ్గించుకోవచ్చు. టాకోగ్రాఫ్ అనే యంత్రం ఇదంతా రికార్డు చేస్తుంది. పోలీసులు రోడ్డు మీద ఆపి చూస్తారు, తేడా వస్తే జరిమానా. కాబట్టి 'ఇంకో అరగంట ఆపవయ్యా' అని బతిమాలినా డ్రైవర్ చేయగలిగింది ఉండదు.

దీన్ని మీ ప్లాన్‌కి పెట్టి చూడండి. మే మధ్యలో పారిస్‌లో పొద్దు గూకేదే తొమ్మిదిన్నర దగ్గర. రాత్రి దీపాలు చూపించే షికారు పదికి మొదలై పదకొండున్నరకు ముగుస్తుంది. బస్సు పార్కింగ్‌లో పెట్టేసరికి 12 అయితే, మర్నాడు 9 లోపు ఆ డ్రైవర్ బండి కదపకూడదు. ఆ మర్నాడే మీకు బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్. మొత్తం 520 కిలోమీటర్ల పైన, అంటే కోచ్‌లో ఏడు గంటల ప్రయాణం. కోచ్‌లకు వేగం 100కే బిగించి ఉంటుంది, పారిస్ బయటపడటానికే గంట పోవచ్చు. 9కి బయల్దేరితే బ్రస్సెల్స్‌కి ఒంటిగంటన్నర. భోజనం, గ్రాండ్ ప్లేస్, మానెకెన్ పిస్, ఆటోమియం ముందు ఫోటో, అన్నీ కలిపి రెండు గంటలు. ఆమ్‌స్టర్‌డామ్ చేరేసరికి సాయంత్రం ఏడు. కాలువల మీద బోటు ఆ రోజు దొరుకుతుందో లేదో, లేకపోతే ఎప్పుడు ఎక్కిస్తారో అడగండి. కంపెనీవాళ్లు దీపాల షికారు మొదటి రాత్రికి పెట్టారంటే ప్లాన్ తెలిసి వేసినట్టు. రెండో రాత్రికి పెట్టారంటే మర్నాటి పూట పోయినట్టే.

మీకు ట్యూలిప్ తోటలు కూడా చూపిస్తామన్నారా? ఆ తోట పేరు క్యూకెన్‌హాఫ్, మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా మాత్రమే తెరిచి ఉంటుంది. మీరు వెళ్లే వారానికి మూసేస్తారేమో తేదీలు చూసుకోండి.

డబ్బు కట్టేముందు ఇవి కాగితం మీద రాయించుకోండి. ఏ హోటలు, ఊరి నుంచి ఎంత దూరం: గ్రూప్ టూర్ల హోటళ్లు చాలావరకు హైవే పక్కన, ఊరికి 20-30 కిలోమీటర్ల అవతల ఉంటాయి. సాయంత్రం బయటికెళ్లి నాలుగడుగులు వేద్దామన్నా అక్కడ ఏమీ ఉండదు. 'లేదా ఆ స్థాయి హోటల్' అన్న మాటను ఒప్పుకోకండి. ప్రతి చోటు పక్కన 'లోపలికి టికెట్', 'బయటి నుంచి', 'బస్సులోంచి' అని మూడింటిలో ఏదో ఒకటి రాయమనండి. ఐఫిల్ టవర్ ఎక్కేది రెండో అంతస్తు దాకానా, పైదాకానా? లూవ్ర్ మంగళవారం, వెర్సాయ్ సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియం నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటుంది. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి పంపరు. మీ తేదీలకు ఆ రోజులు ఏ వారాలు అవుతున్నాయో క్యాలెండర్ పెట్టుకుని చూడండి.

నా సలహా వేరే ప్లాన్ అడగమని. పారిస్ 3, స్విట్జర్లాండ్ 3, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2. అవే 10 రాత్రులు, హోటళ్లు 5. పారిస్ నుంచి ఎంగెల్‌బర్గ్ బస్సులో అయితే 600 కిలోమీటర్ల పైన, రోజంతా పోతుంది. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు ఊరు బాజెల్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో మూడు గంటలే. రైలెక్కించి బాజెల్‌లో కోచ్ అందించే కంపెనీలున్నాయి. ఆరుగురు కలిసి బుక్ చేస్తున్నప్పుడు అడగడానికి మొహమాటపడకండి.

ఓరుగల్లు కోట:

వీసా గురించి మీ ఏజెంటు చెప్పింది తప్పు. ఈ దేశాలన్నిటికీ కలిపి షెంగెన్ అనే ఒకే వీసా ఉంటుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే వెయ్యాలి. రోజులు సమానమైనప్పుడే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. మీ ప్లాన్‌లో ఇటలీ 3 రాత్రులు, ఫ్రాన్స్ 2, స్విట్జర్లాండ్ 2. కాబట్టి ఇటలీ. బాటసారి గారు చెప్పిన ప్లాన్‌కి మారినా ఇటలీ 4 అవుతుంది కాబట్టి మళ్లీ ఇటలీయే. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోందని వేరే దేశానికి వేస్తే, హోటల్ వోచర్లు చూసి తిప్పికొట్టే ప్రమాదం ఉంది.

ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఉచితం. వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ సర్వీసు చార్జీ దీనికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, 45 రోజుల దాకా పట్టవచ్చు కూడా. ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి ఫిబ్రవరికల్లా వేలిముద్రలు ఇచ్చేలా చూసుకోండి. పిల్లలిద్దరికీ వేలిముద్రల పని లేదు, 12 ఏళ్లు దాటినవాళ్లకే.

అందరి పాస్‌పోర్టులూ ఇవాళే తీసి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు గడువు ఉండాలి, ఇచ్చి 10 ఏళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలుండాలి. ఎక్కువగా చిక్కుకునేది పిల్లల పాస్‌పోర్టులు. అవి ఐదేళ్లకే అయిపోతాయి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు ముందు వారం పెద్ద మొత్తం తెచ్చి వేస్తే అనుమానిస్తారు. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో వాళ్ల ఐటీ రిటర్నులు, అమ్మానాన్నలకు మీరు ఖర్చు భరిస్తున్నట్టు లేఖ జతచేయండి.

ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. గ్రూపులో ఇచ్చే పాలసీని నాన్నగారి వరకు విడిగా చదవండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు 'ప్రాణాపాయ స్థితిలో మాత్రమే' అని ఉంటుంది. షుగర్, బీపీ సంగతి దాచకుండా రాయించి, దానికి తగ్గ పాలసీ విడిగా తీసుకోండి. కొంత ఎక్కువైనా ఇక్కడ పొదుపు చూడొద్దు.

ఒకరికి వీసా రాకపోతే మిగతా ఐదుగురి డబ్బు ఏమవుతుందన్నది అడ్వాన్సుకు ముందే రాతలో తీసుకోండి. బిల్లులో టీసీఎస్ (కంపెనీ ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) వేస్తారు. అది ఎవరి పాన్ మీద కడుతున్నారో చూసుకుంటే రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇంకొకటి, 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో రాకపోకలు నమోదు చేసే ఈఈఎస్ అనే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి దిగినప్పుడు ముఖం ఫోటో తీసుకుంటారు, వేలిముద్రలు వీసాకి ఇచ్చినవే సరిపోతాయి. పారిస్ విమానాశ్రయంలో క్యూ పొడుగ్గా ఉండొచ్చు. దిగిన రోజు మధ్యాహ్నం ఏ టికెట్టూ లేకుండా ఖాళీగా ఉంచమనండి.

కృష్ణాతీరం:

చాలా థాంక్సండీ. హోటళ్ల లెక్క మేం అసలు చూడలేదు. 5 హోటళ్ల ప్లాన్ అడుగుతాను. నాన్నను టిట్లిస్ కొండ మీదికి తీసుకెళ్లొచ్చా? ఎంత నడక ఉంటుంది? ఇన్సులిన్ ఎలా మొయ్యాలి?

మాత్రలపెట్టె:

టిట్లిస్ గురించి ముందు మీ డాక్టర్‌ని అడగండి. ఎంగెల్‌బర్గ్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది, పై స్టేషన్ 3,000 మీటర్ల పైన. రోప్‌వేలో అరగంట కాస్త దాటేలోపే రెండు వేల మీటర్లు పైకి వెళ్లిపోతారు. ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లేక బీపీ అదుపులో ఉంటే గంటా గంటన్నరకు సాధారణంగా ఇబ్బంది రాదు. పైన మెల్లగా నడవాలి, నీళ్లు తాగుతుండాలి, మెట్ల బదులు లిఫ్టు వాడాలి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా గ్రూపు కోసం ఆగకుండా ఎవరో ఒకరు వెంట ఉండి కిందికి దించాలి. స్విట్జర్లాండ్‌లోనే గ్రూపులు వెళ్లే మరో కొండ చోటు యూంగ్‌ఫ్రావ్‌యోక్ అయితే 3,454 మీటర్లు, అక్కడ గడిపే సేపు కూడా ఎక్కువ. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నాన్నగారికి టిట్లిస్ మేలు.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే. విమానంలో చెక్‌ఇన్ సామానులో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. కోచ్ డిక్కీలో ఎండకు వేడెక్కుతుంది. ఇన్సులిన్ పెన్ను, సూదులు, డాక్టర్ రాసిన మందుల చీటీ ఒకే సంచిలో పెట్టి, రెండో సెట్టు మీ దగ్గర ఉంచుకోండి. చీటీలో మందుల అసలు పేర్లు ఉండాలి, మన బ్రాండు పేర్లు అక్కడి ఫార్మసీలో తెలియవు. మే నెలలో అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. ప్రయాణం రోజు డోసు ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్ దగ్గర రాయించుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ టూర్లలో అసలు చిక్కు భోజనం ఆలస్యం కావడం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఒంటిగంట భోజనం మూడు అవుతుంది. మాత్ర వేసుకుని తిండి పడకపోతే షుగర్ పడిపోతుంది. గ్లూకోజ్ బిళ్లలు, బిస్కెట్లు ఆయన జేబులోనే ఉండాలి, మీ బ్యాగులో కాదు. మీరు టికెట్ క్యూలో ఉన్నప్పుడే ఆయనకు అవసరం పడొచ్చు.

నడక విషయానికొస్తే, కోచ్ ఊరి నడిబొడ్డుకి రాదు. వెనిస్‌లో ట్రొంకెట్టో దగ్గర దింపి పడవలో సెయింట్ మార్క్స్ వైపు తీసుకెళ్తారు. అక్కడ ప్రతి కాలువ మీదా వంతెన, ప్రతి వంతెనకూ మెట్లు. పీసాలో బస్సు ఆగే చోటు నుంచి టవర్ దాకా మోకాళ్ల నొప్పులవాళ్లకు అరగంట. ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి పెద్ద బస్సులను రానివ్వరు. రోమ్‌లో రాతి పలకల వీధులు, పల్చటి చెప్పులతో అరికాళ్లు మండుతాయి. అన్నిటికంటే కష్టమైంది వాటికన్ మ్యూజియం: గంటల తరబడి నిలబడే నడవాలి, కూర్చునే చోట్లు తక్కువ. టికెట్ తీసేటప్పుడే వీల్‌ఛెయిర్ అడగండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు అక్కడ అందరికీ తప్పనిసరి, పిల్లల నిక్కర్లు కూడా చూసుకోండి. మడిచే చేతికర్ర ఒకటి, బాగా వాడి మెత్తబడిన బూట్లు ఒక జత తీసుకెళ్లండి. కొత్త బూట్లు వద్దు.

పచ్చడిజాడీ:

తిండి సంగతి నేను చెప్తాను. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా, పాలకోవా, పాలపొడి, నాన్‌వెజ్ పచ్చళ్లు ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడికాయ కూడా వద్దు. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర, పులిహోర పేస్టు, జంతికలు, చెగోడీలు, వేరుశనగ పట్టీ, ఇవేవీ ఇబ్బంది కాదు. పచ్చడి చెక్‌ఇన్ సామానులోనే వెయ్యాలి, చేతిసంచిలో ద్రవపదార్థంగా లెక్కేసి పారేయిస్తారు. ప్లాస్టిక్ డబ్బాకి నిండా పొయ్యకుండా ఓ అంగుళం వదిలి, మూత కింద పాలిథిన్ పెట్టి బిగించి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి బట్టల మధ్యలో ఉంచండి. విమానంలో గాలి ఒత్తిడికి నిండు డబ్బా నూనె కక్కుతుంది. ఆరుగురికి అరకిలో పచ్చడి, పావుకిలో చొప్పున రెండు పొడులు చాలు.

గ్రూప్ టూర్లలో రాత్రి భోజనం ఇండియన్ రెస్టారెంట్లోనే ఉంటుంది: అన్నం, రోటీ, పప్పు, ఒక కూర. రుచి అంతా ఉత్తరాదిదే. అమ్మగారికి ఇబ్బంది పొద్దున టిఫిన్ దగ్గరే. బ్రెడ్, జామ్, పండ్లు, కార్న్‌ఫ్లేక్స్, పెరుగు ఉంటాయి. కేకులు, క్రోసాంట్లలో గుడ్డు ఉంటుంది. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల ప్యాకెట్లు రోజుకొకటి లెక్కన తెచ్చుకోండి. చాలా హోటళ్ల గదుల్లో కెటిల్ ఉండదు, చిన్న ట్రావెల్ కెటిల్ పెట్టుకోండి, అక్కడ వాడొచ్చో లేదో రిసెప్షన్‌లో అడిగాకే. రైస్ కుక్కర్ మాత్రం వద్దు. గదిలో ఆవిరికో పొగకో అలారం మోగితే బిల్లు మీ మీద పడుతుంది. స్విట్జర్లాండ్‌లో కోప్, మిగ్రోస్ దుకాణాల్లో రెండు నిమిషాల్లో వేడయ్యే అన్నం ప్యాకెట్లు, కమ్మటి పెరుగు దొరుకుతాయి. హోటల్లో మైక్రోవేవ్ ఉందేమో కనుక్కుంటే పెరుగన్నం సంగతి తీరిపోతుంది.

కరెంటు 230 వోల్టులే. గుండ్రటి సన్న రెండు పుల్లల చార్జర్లు అక్కడి సాకెట్లలో పట్టేస్తాయి. మన మూడు పుల్లల ప్లగ్గు పట్టదు, దానికి అడాప్టర్ కావాలి.

బాటసారి:

తిండి గురించి ఒక్క మాట కలుపుతాను. కోచ్‌లో వాసన వచ్చే తిండి విప్పొద్దు, చాలామంది డ్రైవర్లు ఒప్పుకోరు. బండిలో టాయిలెట్ ఉన్నా తాళం వేసే ఉంచుతారు. హైవే పక్కన ఆగినప్పుడే వెళ్లాలి. జర్మనీలో సానిఫెయిర్ అనే వాటికి గేటు దగ్గర 1 యూరో వెయ్యాలి. వచ్చే చీటీని పారేయకండి, ఆ 1 యూరో అక్కడి దుకాణంలో చెల్లుతుంది. చిన్నపిల్లలకు పక్కన చిన్న గేటు ఉంటుంది, డబ్బు అక్కర్లేదు. 45 మంది ఒకేసారి దిగుతారు కాబట్టి ఆడవాళ్ల క్యూలోనే 15 నిమిషాలు పోతుంది. బస్సు ఆగగానే అమ్మను, పాపను ముందు పంపి, కాఫీ తర్వాత చూసుకోండి. 50 సెంట్లు, 1 యూరో బిళ్లలు ఓ డబ్బాలో వేసి దగ్గర ఉంచుకోండి.

స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. దీంతో మూడు చోట్ల తేడా వస్తుంది. ఒకటి, 'యూరప్' అని అమ్మే సిమ్ ప్యాకుల్లో కొన్ని అక్కడ పనిచేయవు, దేశాల జాబితా చూసి కొనండి. రెండు, డబ్బు ఫ్రాంకులు. యూరో నోట్లు తీసుకునే దుకాణాలున్నా చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు, మారకం మీకు గిట్టదు. కార్డు గీయండి. మెషిన్ 'రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా' అని అడిగితే ఎప్పుడూ స్థానికమే నొక్కండి, రూపాయలంటే ఎక్కువ పడుతుంది.

మూడోది, పర్యాటకులు కొన్న వస్తువుల మీద వచ్చే పన్ను వాపసు. స్విస్‌లో వాచీ కొంటే ఆ ఫారం మీద ముద్ర స్విట్జర్లాండ్ దాటేచోటే వేయించాలి, రోమ్ విమానాశ్రయంలో వెయ్యరు. సరిహద్దులో కోచ్ ఆగకుండా వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. బయల్దేరేముందు రాత్రే టూర్ మేనేజర్‌కి చెప్పి, కస్టమ్స్ దగ్గర ఆపమనండి. వాచీని డిక్కీలో వెయ్యకుండా చేతిలో ఉంచుకోండి, చూపించమంటారు. ఫ్రాన్స్‌లో, ఇటలీలో కొన్నవాటికి యూనియన్ దాటే ఆఖరి చోటు రోమ్ కాబట్టి ముద్ర అక్కడే, చెక్‌ఇన్‌లో సామాను ఇచ్చేముందు. ఫ్రాన్స్‌లో కనీస బిల్లు 100 యూరోలు దాటాలి, ఇటలీలో 70 దాటాలి.

వెనిస్‌లో ఏప్రిల్ నుంచి జూలై మధ్య కొన్ని రోజులు పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా పగటి సందర్శకులకు ప్రవేశ రుసుము ఉంది, మనిషికి 5 యూరోలు, ఆలస్యంగా తీసుకుంటే 10. 14 ఏళ్లలోపు పిల్లలకు లేదు. మీ హోటల్ మెస్త్రేలో పడితే అది కూడా వెనిస్ పురపాలకంలోదే, మీకు మినహాయింపు వర్తిస్తుంది. కానీ ఆ మినహాయింపును కూడా ఆన్‌లైన్‌లో నమోదు చేసి క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. ఎవరు చేస్తారో కంపెనీని అడగండి.

పాస్‌పోర్టులు సూట్‌కేసులో పెట్టొద్దు. షెంగెన్ లోపల కూడా అప్పుడప్పుడు పోలీసులు కోచ్ ఎక్కి తనిఖీ చేస్తారు. అందరివీ ఒకే సంచిలో కాకుండా ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర సగం సగం, చొక్కా లోపల పట్టే పౌచ్‌లో. పారిస్ సాక్రె కెర్ మెట్ల దగ్గర చేతికి దారం కట్టేవాళ్లు, ఐఫిల్ దగ్గర సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. ఆగకుండా నడవండి. పిల్లల జేబులో హోటల్ కార్డు, టూర్ మేనేజర్ నంబరు రాసిన చీటీ రోజూ పెట్టండి, హోటల్ మారినప్పుడల్లా కార్డు మార్చండి. అత్యవసరానికి అన్ని దేశాల్లోనూ నంబరు 112.

కంపెనీ కొత్త ప్లాన్ ఇచ్చాక ఇక్కడ పెట్టండి, రోజువారీ కిలోమీటర్లు చూసి చెప్తాను.